తీగల చిక్కు లేని కంట్రోల్ పానెల్



మీ ఇంట్లో స్విచ్చు బోర్డు మూత తీసినప్పుడు లోపలికి ఎప్పుడైనా తొంగి చూశారా? నాలుగు స్విచ్చులు, ఒక సాకెట్ ఉన్న చిన్న బోర్డు వెనకే పది పన్నెండు తీగలు కనిపిస్తాయి. మరి వందల మోటార్లు, వాల్వులు, సెన్సార్లు ఉన్న ఒక కర్మాగారాన్ని నడిపే కంట్రోల్ పానెల్‌లో ఎన్ని తీగలుంటాయో ఊహించండి. ఆ తీగలను ఒక్కొక్కటిగా బిగించే పనిని తగ్గించేందుకు వచ్చిన ముందే అమర్చిన కేబుళ్ల గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

మన ఉదాహరణకు సూరత్ నగరాన్ని తీసుకుందాం. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన వేలాది నేత కుటుంబాలు అక్కడి మరమగ్గాల మీద బతుకుతున్నాయి. నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. తాపీ నది కుడి ఒడ్డున ఉన్న పేట అడాజన్. సర్దార్ వంతెన దాటితే అఠ్వా వైపు నగరం, నది వెంట సముద్రం వైపు వెళితే ఉక్కు, ఎరువులు, సహజవాయువు కర్మాగారాలున్న హజీరా. నగరానికి దక్షిణాన పాండేసరా, సచిన్‌లలో బట్టలకు రంగులద్దే మిల్లులు. వీటన్నింటినీ నడిపేది కంట్రోల్ పానెళ్లే.

పానెల్ లోపల ఏముంటుంది?

పానెల్‌కు మెదడు పి.ఎల్.సి. ఇది 1960ల చివర అమెరికాలో కార్ల పరిశ్రమ కోసం పుట్టింది. అంతకు ముందు రిలేల మధ్య తీగల అమరికే యంత్రం ఏ వరుసలో పనిచేయాలో నిర్ణయించేది. ఆ వరుస మార్చాలంటే తీగలు విప్పి మళ్లీ కట్టాలి. పి.ఎల్.సి. వచ్చాక ఆ తర్కం ప్రోగ్రాములోకి వెళ్లింది. అయినా బయటి సంకేతం లోపలికి రావాలన్నా, లోపలి ఆజ్ఞ బయటికి పోవాలన్నా తీగ కావలసిందే. ఆ రాకపోకలకు ద్వారాలు ఇన్‌పుట్, అవుట్‌పుట్ మాడ్యూళ్లు. వీటిలో ఎక్కువ భాగం 24 వోల్టుల డి.సి. మీద పనిచేస్తాయి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. 16 సంకేతాలు తీసుకునే ఒక మాడ్యూల్‌కు 16 తీగలు, విద్యుత్ సరఫరాకు 2, మొత్తం 18 తీగలు. ఒక్కో తీగకు రెండు కొసలు, అంటే 36 కొసలు. ప్రతి కొసకూ తొడుగు ఒలవాలి, నంబరు ఉన్న ఫెరూల్ ఎక్కించాలి, లగ్గు నొక్కాలి, రంధ్రంలో దూర్చాలి, స్క్రూ బిగించాలి, లాగి చూడాలి. ఆరు పనులు. పది మాడ్యూళ్లకు 360 కొసలు, 2160 పనులు! వెయ్యి పనుల్లో ఒక్కటే తప్పుతుందనుకున్నా ఆ పానెల్‌లో రెండు తప్పులు మిగులుతాయి. వదులుగా ఉన్న ఒక్క స్క్రూ చాలు, యంత్రం ఒకసారి నడిచి ఒకసారి ఆగుతూ పనివాళ్లను రోజుల తరబడి తిప్పలు పెట్టడానికి.

ముందే అమర్చిన కేబుల్ అంటే ఏమిటి?

ఈ కేబుల్‌ను తయారీ కేంద్రంలోనే సిద్ధం చేసి, ప్రతి తీగనూ పరీక్షించి పంపుతారు. ఒక కొసకు మాడ్యూల్ ముఖానికి సరిపోయే కనెక్టర్ ఉంటుంది. రెండో కొస రెండు రకాలుగా రావచ్చు. మొదటి రకంలో అక్కడ కూడా కనెక్టరే ఉంటుంది. పట్టా మీద బిగించిన టెర్మినల్ బ్లాకులో దాన్ని గుచ్చితే సరి. రెండో రకంలో తీగలు విడివిడిగా, నంబర్లతోనో రంగులతోనో ఉంటాయి. డిన్ 47100 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం 1 తెలుపు, 2 గోధుమ, 3 ఆకుపచ్చ, 4 పసుపు. ఆ ప్రమాణాన్ని 1998లో ఉపసంహరించినా అదే రంగుల వరుసను వాడే కేబుళ్లు నేటికీ ఉన్నాయి. సీమెన్స్, ఫీనిక్స్ కాంటాక్ట్, రాక్‌వెల్, ష్నైడర్ వంటి సంస్థలన్నీ తమ తమ పద్ధతుల్లో ఇలాంటి కేబుళ్లు అందిస్తున్నాయి.

ఒక సంగతి గమనించండి. దీనివల్ల తగ్గేది పానెల్ లోపలి పని మాత్రమే. బయటి సెన్సార్ల నుంచి వచ్చే తీగలను టెర్మినల్ బ్లాకులో ఎప్పటిలాగే ఒక్కొక్కటిగా బిగించాలి.

వరద నేర్పే పాఠం

2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ పొంగింది. సూరత్‌లో చాలా భాగం మునిగింది. అడాజన్, రాందేర్ ప్రాంతాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అలాంటి చోట నీళ్లు తోడే పంపుల పానెల్ ఒకటి మునిగిందనుకుందాం. బురదనీరు చొచ్చిన మాడ్యూళ్లను, కనెక్టర్లను ఆరబెట్టి మళ్లీ వాడడం ప్రమాదకరం. వాటిని మార్చాలి. తీగలన్నీ చేత్తో కట్టిన పానెల్ అయితే వేల పనులు మళ్లీ మొదటి నుంచి చేయాలి. మాడ్యూళ్లు, కేబుళ్లు, టెర్మినల్ బ్లాకులు అదనంగా ఎత్తైన చోట భద్రపరచి ఉంటే, పాతవి తీసి కొత్తవి గుచ్చవచ్చు. నీరు నిలిచిన పేటలో పంపు ఒక రోజు ముందు తిరగడం ఎంత పెద్ద మాటో అక్కడి ఇళ్లవాళ్లకు తెలుసు.

ఎక్కడ జాగ్రత్త పడాలి?

ఈ కేబుళ్లలో తీగలు సన్నగా ఉంటాయి. 0.14 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 5 మీటర్ల పొడవుకు నిరోధం సుమారు 0.625 ఓమ్. అందులో అర ఆంపియర్ పోతే తగ్గేది 0.3 వోల్టు మాత్రమే. ఫరవాలేదు. కాని 16 అవుట్‌పుట్లు ఒక్కొక్కటి అర ఆంపియర్ తీసుకుంటే మొత్తం 8 ఆంపియర్లు. ఈ 8 ఆంపియర్లనూ అలాంటి ఒకే తీగ ద్వారా పంపితే 5 వోల్టులు తరిగిపోతాయి, 40 వాట్ల వేడి పుడుతుంది. తీగ తొడుగు మెత్తబడి షార్టు కావచ్చు. అందుకే సరఫరా తీగను లావైనదిగా, వేరుగా నేరుగా టెర్మినల్ బ్లాకుకు తెస్తారు.

ఇంకొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల అనలాగ్ సంకేతాలకు షీల్డు ఉన్న కేబుల్ వాడాలి. రంగుల మిల్లుల్లో మోటార్ల వేగాన్ని మార్చే డ్రైవులు పక్కనే ఉంటాయి కనుక ఇది మరీ అవసరం. థర్మోకపుల్‌కు మామూలు రాగి కేబుల్ పనికిరాదు. రెండు లోహాలు కలిసే చోటు మారిపోయి ఉష్ణోగ్రత తప్పుగా చూపుతుంది. కేబుల్ పొడవు ముందే స్థిరంగా ఉంటుంది కాబట్టి పానెల్ కొలతలు తీసుకున్నాకే ఆర్డరు ఇవ్వాలి. ఒక్క తీగ తెగినా సాధారణంగా కేబుల్ మొత్తం మార్చాలి. ధర కూడా విడి తీగల కన్నా ఎక్కువ. ఒకటి రెండు మాడ్యూళ్ల చిన్న పానెల్‌కు చేత్తో కట్టడమే లాభం కావచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, కనెక్టర్ గుచ్చే ముందు సరఫరా ఆపి, తాళం వేయడం. తరువాత మల్టీమీటర్‌తో ప్రతి పిన్నూ సరైన టెర్మినల్‌కే చేరిందో లేదో చూడాలి. తయారీ కేంద్రంలో పరీక్షించారు కదా అని ఈ పని మానకూడదు. కేబుల్ మంచిదే కావచ్చు, దాన్ని గుచ్చిన చోటు తప్పు కావచ్చు.

కాబట్టి ముందే అమర్చిన కేబుల్ పనివాడి చేతి శ్రమను తగ్గిస్తుంది కాని, అతని ఆలోచనను కాదు. ఎక్కడ ఎంత కరెంటు పోతుందో లెక్క కట్టగలిగినవాడి చేతిలోనే అది మేలు చేస్తుంది.

ఆలోచించండి

1. 32 సంకేతాల మాడ్యూళ్లు ఆరు ఉన్న పానెల్‌లో, ఒక్కో మాడ్యూల్‌కు సరఫరా తీగలు రెండు చొప్పున, చేత్తో బిగించవలసిన కొసలు ఎన్ని?

2. పై ఉదాహరణలో సరఫరా తీగ మందం 1.5 చదరపు మిల్లీమీటర్లు అయితే 8 ఆంపియర్లకు ఎన్ని వోల్టులు తరుగుతాయి?