ఫోటో మసకబారకుండా పంపాలంటే

చనిపోయిన పెద్దవాళ్ల ఫోటో గోడకు పెట్టుకోవాలనుకుంటాం. సెల్‌ఫోనులో ఉన్నదాన్ని వాట్సాప్‌లో స్టూడియోకు పంపుతాం. తీరా పటం కట్టించి చూస్తే ముఖం మసక మసకగా ఉంటుంది. ఎందుకని?

ఫోటో అంటే చుక్కలే. చుక్కలు తక్కువైతే ముగ్గు చిన్నదవుతుంది కదా, ఇదీ అంతే. ఈ చుక్కల్ని పిక్సెళ్లు అంటారు. 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు పటం నీటుగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే వెడల్పున 2400, ఎత్తున 3000. మామూలుగా ఫోటో పంపితే, తొందరగా పోవాలని వాట్సాప్ చుక్కలు తగ్గించేస్తుంది. చిన్న తెరమీద ఆ తేడా తెలీదు. పెద్దది చేస్తేనే బయటపడుతుంది. పోయిన చుక్కలు మళ్లీ రావు.

మరేం చేయాలి? ఫోటోను 'డాక్యుమెంట్'గా పంపండి. పంపేచోట ఆ పేరుతోనే గుర్తు ఉంటుంది. అది నొక్కి ఫోటో ఎంచుకోండి. ఉన్నది ఉన్నట్టే పోతుంది. డేటా కాస్త ఎక్కువవుతుంది, ఒక్క ఫోటోకి పరవాలేదు. 2023లో హెచ్‌డి అనే గుర్తు కూడా వచ్చింది. అది కొంత నయమే గాని డాక్యుమెంట్ అంత కాదు.

ఇంకో మాట. మీకు వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలో చుక్కలు అప్పటికే తగ్గిపోయి ఉండొచ్చు. దాన్ని డాక్యుమెంట్‌గా పంపినా లాభం లేదు. ఫోటో తీసినవాళ్లనే అడగండి, వాళ్ల ఫోనులోంచి పంపమనండి. స్క్రీన్‌షాట్ అసలు వద్దు. పాత కాగితం ఫోటో అయితే మాత్రం ఫోనుతో తీయకండి. ఆ కాగితాన్నే స్టూడియోకు తీసుకెళ్లి స్కాన్ చేయించండి. పని కాగానే అడిగి వెనక్కు తెచ్చుకోండి.