చెరుకుతో నడిచిన ఊళ్లు

నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలో పెద్దమనుషులను కదిలిస్తే మాట చెరుకు దగ్గరికే వస్తుంది. బోధన్ దారి పొడవునా చెరుకు బండ్లు బారులు తీరిన రోజులు వాళ్లకు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి.

మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్లను నమ్ముకుని 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. కాల్వ కింది భూముల కోసం కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు.

చెరుకు ఆగే పంట కాదు. నరికాక ఆలస్యమైతే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ ఎప్పుడొస్తుందా అని రైతు ఎదురుచూసేవాడు. నరికే కూలీకి, బండి తోలే మనిషికి, తూకం దగ్గరి గుమస్తాకు అదే సీజన్. పెళ్లి ఖర్చయినా, అప్పు తీర్చడమైనా చెరుకు బిల్లు మీదే ఆధారం.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. దగ్గర్లో గానుగ ఆగాక చెరుకును కామారెడ్డి వైపు పంపాల్సి వచ్చింది. దూరాభారం మోయలేక చాలామంది వరికి, సోయాకు మళ్లారు. అలీసాగర్ ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు అందడం వరికి కలిసొచ్చింది. పదిమంది కోసే మడిని ఇప్పుడు హార్వెస్టర్ గంటల్లో కోసేస్తోంది. పని తగ్గిన ఇళ్ల నుంచి యువకులు దుబాయ్, మస్కట్ విమానం ఎక్కారు.

ఇంటి దగ్గర సంసారాన్ని నిలబెట్టింది ఆడవాళ్లు బీడీలు చుట్టే చాట. ఒళ్లో చాట, అందులో తడిపిన తునికాకు. రేకు ఫరం పెట్టి ఆకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి ముడవాలి. ఇరవై ఐదుకొక కట్ట, వెయ్యికింత కూలి. నడుము నొప్పికి లెక్క లేదు. ఆ కూలితోనే పిల్లలు బడికి పోయారు.

మండలంలోని కందకుర్తిలో గోదావరి, మంజీర, హరిద్ర కలుస్తాయి. నది దాటితే మహారాష్ట్ర. ఇన్ని మారినా, తెలుగు, మరాఠీ, ఉర్దూ కలగలిసిన పలకరింపు మాత్రం ఇక్కడ ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఫ్యాక్టరీని తెరిపించే మార్గం చూడటానికి 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. గేటు తెరిస్తేనే సరిపోదు. నరికిన చెరుకు వెంటనే తూకానికి చేరాలి, తూకం వేసిన చెరుకుకు సకాలంలో డబ్బు రావాలి. ఆ నమ్మకం ఇవ్వండి. చెరుకు పెట్టడం రెంజల్ రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు.