తలపాగా మార్చమన్నందుకు.. వేలూరులో రక్తపాతం, హైదరాబాద్‌లో తప్పిన ముప్పు

సిపాయిల తిరుగుబాటు అనగానే అందరికీ 1857 గుర్తుకొస్తుంది. కానీ అంతకు 51 ఏళ్ల ముందే మద్రాసు సైన్యంలో సిపాయిలు తుపాకులు ఎక్కుపెట్టారు. కారణం జీతం కాదు. తలపాగా!

ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో తమిళులు, ముస్లింలతో పాటు తెలుగువాళ్లు కూడా పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఉత్తరాదిలో సిపాయిలను 'తిలంగా'లు అని పిలిచే అలవాటు కూడా ఇక్కడి నుంచి వచ్చిందే.

ఉత్తర్వులో ఏముంది?

అప్పుడు మద్రాసు గవర్నర్ విలియం బెంటింక్, సేనాధిపతి సర్ జాన్ క్రాడక్. సైనికులంతా ఒకేలా కనిపించాలని కొత్త నిబంధనలు తెచ్చారు. విధుల్లో బొట్టు, నామం పెట్టుకోకూడదు. చెవిపోగులు తీసేయాలి. గడ్డం గీయించుకోవాలి, మీసం చెప్పిన కొలతలో ఉండాలి. పాత తలపాగా స్థానంలో టోపీలా కనిపించే కొత్తది, దానికి తోలు కుచ్చు.

ఆ తోలు ఆవుదా, పందిదా? హిందువులకూ ముస్లింలకూ ఒకేసారి అనుమానం వచ్చింది. టోపీ పెట్టించి, తర్వాత మతం మార్చేస్తారనే మాట బ్యారక్‌లలో పాకిపోయింది.

1806 మేలో వేలూరులో కొందరు సిపాయిలు కొత్త తలపాగా పెట్టుకోం అన్నారు. వారిలో ఒక ముస్లింకు, ఒక హిందువుకు తలా 900 కొరడా దెబ్బల శిక్ష పడింది. తర్వాత ముస్తఫా బేగ్ అనే సిపాయి కుట్ర జరుగుతోందని పై అధికారులకు చెప్పినా, అతన్ని పిచ్చివాడని కొట్టిపారేశారు.

జూలై 10 తెల్లవారుజామున..

టిప్పు సుల్తాన్ కుటుంబాన్ని కంపెనీ అప్పట్లో వేలూరు కోటలోనే ఉంచింది. 1806 జూలై 10 తెల్లవారకముందే సిపాయిలు తిరగబడ్డారు. 14 మంది అధికారులతో పాటు వందమందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. కోటపై మైసూరు జెండా ఎగిరింది. అయితే చాలామంది సిపాయిలు లూటీలో పడిపోయారు, కోటను కాపాడుకునే ఏర్పాటు లేదు. సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని ఆర్కాటు నుంచి కల్నల్ గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి, ఫిరంగులతో తలుపులు పగలగొట్టించాడు. దాదాపు 350 మంది సిపాయిలు హతమయ్యారు. పట్టుబడ్డవారిలో కొందరిని గోడకు నిలబెట్టి కాల్చేశారు. విచారణ తర్వాత ఆరుగురిని ఫిరంగి నోటికి కట్టి పేల్చారు.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

నిజాం సికిందర్ జా కాలమది. ఆయన పేరు మీదే సికింద్రాబాద్ వెలిసింది. ఒప్పందం ప్రకారం హైదరాబాద్‌లో ఉన్న కంపెనీ దళం కూడా మద్రాసు సైన్యంలో భాగమే. కాబట్టి అవే ఉత్తర్వులు ఇక్కడా వచ్చాయి. అదే అసంతృప్తి, అవే పుకార్లు. వేలూరు ఇక్కడ కూడా పునరావృతమయ్యే ప్రమాదం నిజంగానే ఉంది.

కానీ దళాధిపతి లెఫ్టినెంట్ కల్నల్ మాంట్రెసర్ సిపాయిల మనసు గ్రహించాడు. కొరడా తీయలేదు. ఆ నెలలోనే తన అధికారంతో ఆ ఉత్తర్వులను పక్కన పెట్టేశాడు. అంతే, దళం సద్దుమణిగింది.

తర్వాత?

మద్రాసు ప్రభుత్వం కూడా చివరికి తలపాగా ఉత్తర్వును రద్దు చేసుకుంది. 1807లో బెంటింక్‌ను, క్రాడక్‌ను లండన్ వెనక్కి పిలిపించింది. టిప్పు కుటుంబాన్ని కలకత్తాకు తరలించారు. అక్కడ 1842లో ఆయన కుమారుడు గులాం మహమ్మద్ కట్టించిన టిప్పు సుల్తాన్ మసీదు నేటికీ ఉంది.

ఉత్తర్వు ఒక్కటే, సైన్యమూ ఒక్కటే. వేలూరులో వద్దన్నవాడికి కొరడా దెబ్బలు పడ్డాయి, వందల ప్రాణాలు పోయాయి. హైదరాబాద్‌లో వద్దన్నవాడి మాట విన్నారు, తూటా పేలలేదు. గడ్డం, బొట్టు, తలపాగా పైవాళ్లకు చిన్న విషయాలే. వాటిని ధరించేవాడికి అవే పరువు. మాంట్రెసర్‌కు అర్థమైంది ఇదే.