అప్పగింత

పడకగదిలో దీపమింకా ఆర్పలేదు. కొత్తగా చేరిన ఆర్థర్ మంచం పక్కన మోకరిల్లి ప్రార్థించసాగాడు. ఎవడో చెప్పు విసిరాడు. మరుక్షణమే టామ్ బూటు ఆ విసిరినవాడి మీదికి దూసుకుపోయింది.

1857లో వెలువడిన థామస్ హ్యూస్ నవల ‘టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్’లోని ఘట్టమిది. హ్యూస్ తాను చదివిన రగ్బీ పాఠశాలనే అందులో చిత్రించాడు. 1828లో అక్కడ ప్రధానోపాధ్యాయుడైన థామస్ ఆర్నాల్డ్, పై తరగతివారికి అధికారంతోపాటు చిన్నవారి బాధ్యతనూ అప్పగించాడు. నవలలో అల్లరివాడైన టామ్‌కు ఆర్థర్‌ను అప్పగించే ఉపాయం ఆయనదే. ఆ పసివాణ్ణి కాపాడబోయి టామే బాగుపడ్డాడు. చివరికి క్రికెట్ జట్టు నాయకుడై, ఆర్థర్‌కూ చోటిచ్చాడు: ఆటలో మేటి అని కాదు, నలుగురిలో కలిస్తే వాడికి మేలని.

విద్యార్థి నాయకుని పదవికి ఆయుష్షు ఏడాదే. ఆ ఏడాదిలో ఎవరికి అండగా నిలిచాడన్నదే అతని లెక్క.