చేతులు కాదు, భుజాలు తిరగాలి!

నలభై ఆరేళ్లొచ్చాక గోల్ఫ్ స్టిక్ పట్టుకుంటానంటే మా అత్తగారు ఊరుకుంటారా? 'ఈ వయసులో కర్రసామేంటమ్మా?' అని ఒకటే నవ్వు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన అదితి అశోక్ ఒక్క స్ట్రోక్ తేడాతో పతకం చేజారి నాలుగో స్థానంలో ఆగిపోయింది గుర్తుందా? అది టీవీలో చూసినప్పటి నుంచీ నాకీ పిచ్చి.

విశాఖలో మావారితో పాటు వెళ్లి నేర్చుకోవడం మొదలుపెట్టాను. నాలుగు నెలలకే భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. ఇంత కష్టపడ్డా బంతి పది గజాలు దొర్లి ఆగేది! పక్కనున్న మగాళ్లంతా సలహాలిచ్చేవాళ్లే. 'ఇంకా గట్టిగా కొట్టండి మేడమ్' అని. డాక్టరు చెప్పినట్టు ఆరువారాలు ఆపేశాను. ఇక మానేద్దామనే అనుకున్నా.

చివరిసారిగా కోచ్‌ని అడిగితే ఆయన బంతి తీసి జేబులో వేసుకున్నారు. 'కొట్టడం తర్వాత. స్టిక్ వెనక్కి ఎలా తీసుకెళ్తున్నారో చూపించండి' అన్నారు. బావిలోంచి చేద లాగినట్టు చేతులతో ఎత్తేస్తున్నాను. తప్పంతా అక్కడే! బ్యాక్‌స్వింగ్ అంటే ఎత్తడం కాదు, తిరగడం.

మజ్జిగ చిలికే కవ్వం చూడండి. ఉన్నచోటే తిరుగుతుంది. అటూ ఇటూ ఊగితే వెన్న రాదు సరికదా, మజ్జిగ ఒలుకుతుంది. మన వెన్నెముకా అంతే. కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ భుజం గడ్డం కిందకి రావాలి. భుజాలు 90 డిగ్రీలు తిరిగితే నడుముకి అందులో సగం చాలు. బరువు కుడి పాదం లోపలి వైపు ఉండాలి. బయటి అంచుకి పోయిందంటే ఒళ్లు పక్కకి ఒరిగినట్టే. అంత తిరగలేని వాళ్లు బలవంతపడొద్దు, ఎడమ మడమ కాస్త లేపితే సులువవుతుంది. అన్నట్టు, స్టిక్‌ని తడిబట్ట పిండినట్టు బిగించకండి. భుజం నొప్పి సగం అక్కణ్నించే.

ఇంట్లోనే చేసుకోవచ్చు. గోడకి రెండంగుళాల ఎడంగా, గోడవైపు వీపు పెట్టి నిలబడి, కాస్త ముందుకి వంగండి. భుజాల మీద అడ్డంగా బూజుకర్ర పెట్టుకుని కుడివైపు నెమ్మదిగా తిరగండి. కుడి పిరుదు వెనక్కెళ్లి గోడకి తగిలితే సరిగ్గా తిరిగినట్టు. తగలకుండా పక్కకి జరిగిందా, మళ్లీ మొదటికే! నేను రోజూ ఇరవైసార్లు చేస్తాను.

ఇప్పుడు ఏడో నంబరు ఐరన్‌తో 90 గజాలు కొడుతున్నా. జడ నేనే వేసుకుంటున్నా. బూజుకర్ర కనిపించకపోతే అత్తగారు నేరుగా నా గదికే వస్తున్నారు.