రెప్ప యెత్తని దీపము

మేము ఈ కళాశాలలో తెలుగు బోధించువారము. మోటారు యంత్రములు మా శాస్త్రము కావు. అయినను గత వర్షాకాలములో ఒక పాత కారు ముందు దీపముల కొరకు మేము మూడు ఆదివారములు మోకాళ్ళపై కూర్చుండవలసి వచ్చినది. అక్కడ నేర్చుకొన్నది ఇక్కడ వ్రాయుచున్నాము. యంత్రముల సంగతి తెలుగులో చెప్పుట సాధ్యము కాదని స్టాఫు రూములో తరచుగా వినబడు మాటకు ఇది మా సమాధానము కూడ.

మా మిత్రులొకరు మారేడుపల్లిలో ఉన్నారు. వారి తండ్రిగారు గల్ఫులో చిరకాలము ఉద్యోగము చేసి, తిరిగి వచ్చునపుడు జపానులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్సు కారు నొకదానిని ఓడపై తెచ్చుకొన్నారు. తండ్రిగారు గతించిన పిదప అది రేకుల షెడ్డులో గుడ్డ కప్పుకొని ఉండెడిది. మిత్రులు నెలకొకసారి బయటకు తీసి, ట్యాంక్‌బండ్ వరకు పోయి వచ్చెడివారు. పగటి వేళ ఆ కారును ఎదుట నుండి చూచినచో దీపములే కనబడవు. రెండు చదరపు మూతలు మాత్రము కనబడును. చీకటి పడి స్విచ్చి త్రిప్పగానే ఆ మూతలు లేచి, వానితో దీపములు బయటకు వచ్చును. వీనిని పాప్-అప్ హెడ్‌లైట్లు అందురు. మేము రెప్పదీపములు అనుచున్నాము. రిపేరు చేసిన మిస్త్రీ చాచా ఆ మూతను మొదటి నుండి 'పలక్' అనియే పిలిచినారు. మా పత్రికలోని రెండు భాషలును ఒక కారు ముందు ఒకే పోలికను పట్టుకొన్నందుకు మాకు సంతోషము కలిగినది.

ఒక సాయంత్రము సన్నని వాన. కారు ట్యాంక్‌బండ్ దాటి రాణీగంజ్ వైపు వచ్చుచున్నది. మిత్రులు స్విచ్చి త్రిప్పగా కుడి దీపము లేచినది, ఎడమది లేవలేదు. రోడ్డు ఎడమ అంచున దీపము లేని సైకిలుపై ఒక బాలుడు పోవుచున్నాడు. అతడు కంటబడునప్పటికి బ్రేకు నొక్కవలసిన క్షణము దాటిపోయినది. స్టీరింగు కుడికి త్రిప్పుట వలన సైకిలు హ్యాండిలు కారు ప్రక్క అద్దమునకు తగిలి అంతటితో పోయినది. బాలునికి దెబ్బ తగులలేదు. మిత్రులు మాత్రము ఆ రాత్రి భోజనము చేయలేదు.

ఒంటి దీపముతో పోవు కారును ఎదుటి వారు స్కూటరని భ్రమపడుదురు. దాని రెండవ సగము చీకటిలో వచ్చుచున్నదని వారికి తెలియదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు సూర్యాస్తమయమైన అరగంట తరువాత నుండి దీపములు వెలిగించవలెననియు, ముందు 155 మీటర్ల దూరము వరకు మనుష్యులును వాహనములును స్పష్టముగా కనబడవలెననియు చెప్పుచున్నవి. ఆ అంకె పెద్దదిగా తోచును. కాని గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు సెకనుకు సుమారు 17 మీటర్లు పోవును. ఆ లెక్కన 155 మీటర్లు తొమ్మిది సెకన్ల మాట.

ఒక వర్క్‌షాపువారు చూచి, రెండు మోటారులును మార్చవలెననియు, అవి విదేశము నుండి రావలెననియు చెప్పినారు. వారు చెప్పిన వెల విని మిత్రులు కారును పాత ఇనుము క్రింద అమ్మివేయుటకు సిద్ధపడినారు. తండ్రి చేతి గుర్తులున్న స్టీరింగును తూకమునకు వేయుట మాకు సమ్మతము కాలేదు. అప్పుడే మా యింటి వెనుక వీధిలోని మిస్త్రీ చాచాను పిలిచితిమి. ఆయన జీవితమంతయు అంబాసిడర్లు, పద్మినీలు బాగుచేసినవారు. ఇటువంటి కారును మొదటిసారి చూచుచున్నామని దాపరికము లేకుండ చెప్పినారు.

అసలు దీపమును దాచవలసిన అవసరమేమి? చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాముగారి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టును చూచినవారికి జ్ఞాపకముండును, ఆ కాలపు కార్లకు దీపములు శరీరమునకు అతికినట్లుగాక వేరుగా నిలబడి ఉండెడివి. వేగము పెరిగిన కొలది గాలికి అడ్డు రాని నునుపైన ముక్కు కావలసి వచ్చినది. 1936 లో అమెరికాలో వచ్చిన కార్డ్ 810 కారు తన దీపములను ముందు రెక్కలలో దాచుకొన్నది. వానిని పైకి తెచ్చుటకు డాష్‌బోర్డు క్రింద రెండు చేతి పిడులుండెను; ఒక్కొక్క దీపమునకు ఒక్కొక్క పిడి త్రిప్పవలెను. తరువాత 1962 నాటి లోటస్ ఇలాన్ ఇంజను పీల్చు గాలి శక్తితో, అనగా వ్యాక్యూముతో, దీపములను కదిపినది. అటుపిమ్మట విద్యుత్ మోటారులు సాధారణమైనవి. అమెరికా చట్టము 1980 దశకపు తొలి సంవత్సరముల వరకు నిర్ణీత ఆకారపు సీల్డ్ బీము దీపములనే అనుమతించుట, దీపము నేల నుండి ఇంత ఎత్తున ఉండి తీరవలెననుట కూడ ఈ పద్ధతికి తోడ్పడినవి. మాజ్డా ఎంఎక్స్-5 1989 లో రెప్పదీపములతో వచ్చి, 1998 నాటి రెండవ తరములో వానిని వదలుకొన్నది. షెవ్రొలే కార్వెట్, లోటస్ ఎస్ప్రీ 2004 వరకు నిలిపినవి. ఏ ఆకారములోనైన ప్లాస్టిక్ అద్దముతో దీపము చేయగలిగిన తరువాత, పాదచారుల రక్షణకై కారు ముందు భాగమున పొడుచుకొని వచ్చునవి ఉండరాదను నియమములు వచ్చిన తరువాత, రెప్పకు పని లేకపోయినది.

ఇక యంత్రము. ఈ కారులో ఒక్కొక్క దీపమునకు ఒక్కొక్క మోటారు కలదు. పోర్షే 924 వంటి కొన్ని కార్లలో ఒకే మోటారు అడ్డకడ్డీతో రెండింటిని లేపును. రిపేరు మొదలిడు ముందు మీ కారు ఏ జాతిదో చూచుకొనవలెను. స్విచ్చి త్రిప్పినపుడు రిలే ద్వారా మోటారుకు విద్యుత్తు పోవును. మోటారు లోపలి మరచక్రము వేగమును తగ్గించి బలమును పెంచును. బయట ఒక పొట్టి చేయి సగము చుట్టు తిరిగి, కడ్డీతో దీపమును పైకి నెట్టును. మరల సగము చుట్టు తిరిగినచో దీపము దిగును. ఎక్కడ ఆగవలెనో చెప్పునది మోటారు కవచము లోపల ఉండు రాగి పళ్ళెము. దానిలోని ఖాళీ భాగము కాంటాక్టు క్రిందకు రాగానే విద్యుత్తు తెగిపోవును. మరచక్రపు గుణము మరియొకటి కలదు: మోటారు దానిని త్రిప్పగలదు గాని, దీపమును చేతితో నొక్కి మోటారును త్రిప్పలేము. అందుచేతనే ఎంత గాలి తగిలినను లేచిన దీపము వాలిపోదు.

మొదటి ఆదివారము మిత్రులు లేవని మూత క్రిందకు వ్రేళ్ళు దూర్చి పైకి లాగబోయినారు. చాచా చటుక్కున చేయి పట్టుకొన్నారు. "ముందు ఫ్యూజు తీయండి సాబ్, తరువాత చేయి పెట్టండి" అన్నారు. ఆయన చూపుడు వ్రేలికి గోరు లేదు. మేము కారణము అడుగలేదు; ఒక లారీ రేడియేటరు ఫ్యాను కథ ఆయనే చెప్పినారు. ఆగిపోయిన మోటారు చచ్చిన మోటారు కాదు. తుప్పు పట్టిన తీగ ఒక్క కుదుపుతో అతుకుకొన్నచో ఆ మూత ఎముకను కూడ లెక్కచేయదు. కావున లేపు మోటారుల ఫ్యూజు గాని, బ్యాటరీ నెగెటివు తీగ గాని తీసిన తరువాతనే లోపలికి చేయి పోవలెను. పిమ్మట మోటారు వెనుక రబ్బరు టోపీ క్రింద ఉండు పిడిని చేతితో త్రిప్పి దీపమును పైకి తేవచ్చును. దారిలో చెడినచో కూడ ఇదియే ఉపాయము: దీపమును చేతితో లేపి, లేపు ఫ్యూజు తీసి ఉంచి, నెమ్మదిగా ఇంటికి రావలెను. బల్బులకు వేరే ఫ్యూజు ఉండుట వలన అవి వెలుగుచునే యుండును.

చాచా పద్ధతి మాకు వ్యాకరణములోని పదచ్ఛేదమును తలపించినది. రెండు దీపములును లేవక, మూతల సందు నుండి వెలుతురు మాత్రము కనబడినచో బల్బులు, స్విచ్చి మంచివే. లేపు ఫ్యూజును, రిలేను చూడవలెను. ఒకటి లేచి ఒకటి లేవనిచో రెండింటికి ఉమ్మడిగా ఉన్న భాగములను అనుమానించుట వ్యర్థము. దోషము ఆ ప్రక్కననే కలదు. మోటారు శబ్దము వినబడుచు దీపము కదలనిచో కడ్డీ ఊడినది, లేక పళ్ళు అరిగినవి. దీపము ఆగక లేచుచు దిగుచు ఉన్నచో రాగి పళ్ళెము వద్ద గ్రీజు గట్టిపడినదో, కాంటాక్టు వంగినదో చూడవలెను. లేచిన తరువాత వెలుగనిచో, లేచినప్పుడెల్లను వంగు తీగ పైతొడుగు లోపల తెగినదేమో చూడవలెను. పైకి అది నిండు తీగవలెనే ఉండును.

మన కారుది రెండవ జాతి. రెండవ ఆదివారము ఎడమ మోటారు ప్లగ్గును కుడి మోటారుకు తగిలించి చూచినారు. రాత్రివరకు బాగుగా పనిచేసిన కుడి మోటారు ఎడమ తీగపై మూలిగినది. అంతటితో, మార్చవలెనని వర్క్‌షాపువారు చెప్పిన మోటారు నిర్దోషి అని తేలినది. అనుమానితుని స్థానములో మంచివానిని నిలుపు ఈ పరీక్షకు పైసా ఖర్చు కాలేదు.

తరువాత మల్టీమీటరు తీసినారు. ఫ్యూజు మరల పెట్టి, చేతులు దూరముగా నుంచి, ఒక ముల్లు బ్యాటరీ నెగెటివుపై, మరొక ముల్లు మోటారు ఎర్తు తీగపై ఆనించి స్విచ్చి త్రిప్పినారు. అక్కడ వోల్టులో రెండు మూడు పదవ వంతులకు మించి కనబడరాదు. రెండు వోల్టుల పైన చూపినది. అనగా బ్యాటరీ పంపిన 12 వోల్టులలో ఆ మేరకు తుప్పు తినివేయుచున్నది. ఎర్తు బోల్టు బురద రక్షక రేకు వెనుక ఉన్నది. అనేక వర్షాకాలముల నీరు అక్కడ నిలిచి, బోల్టు చుట్టు గోధుమరంగు పొర కట్టినది. గరుకు కాగితముతో మెరియు లోహము కనబడువరకు రుద్ది, బోల్టు బిగించి, పైన వాజలీను పూసినారు. మీటరు మరల చూపినది పదవ వంతులే.

ఇక్కడ సైన్సు విద్యార్థులకు ఒక మాట. వోల్టేజి పదవ వంతు తగ్గినచో హాలొజన్ బల్బు వెలుతురు సుమారు 30 శాతము తగ్గును. దీపము మందముగా ఉన్నదని పెద్ద బల్బు వేయుట మన యువకుల అలవాటు. 60 వాట్ల బల్బు 12 వోల్టులపై 5 ఆంపియర్లు తీసుకొనును. 100 వాట్లది ఎనిమిదికి మించి తీసుకొనును. తీగలో పుట్టు వేడిమి ఆంపియర్ల వర్గమును బట్టి పెరుగును గనుక అది రెండున్నర రెట్లు దాటును. తుప్పును వదలి బల్బును పెంచినవారు హోల్డరును కరిగించుకొందురు; ఎదుటి వారి కన్నులు మిరుమిట్లు గొలుపుట అదనము.

దోషము ఒక్కటే అనుకొన్నాము గాని, దీపము లేచిన తరువాత వణకుచుండెను. కడ్డీ చివరనున్న నైలాన్ బుష్షు అరిగి, రంధ్రము గుండ్రముగాక కోడిగ్రుడ్డు ఆకారమైనది. మూడవ ఆదివారమునకు ముందు మేము పాత బుష్షును జేబులో వేసుకొని రాణీగంజ్‌లో ఒక లేతు దుకాణమునకు పోయినాము. నైలాన్ కడ్డీ ముక్క నుండి అతడు అరగంటలో రెండు బుష్షులు తీసియిచ్చినాడు. తీసుకొన్న కూలి రెండు పూటల చాయి ఖర్చుకు మించలేదు. ఒకటి అమర్చినారు. రెండవది మిత్రులు తండ్రిగారి కళ్ళజోడు పెట్టెలో భద్రపరచినారు.

దీపము గురి సరిచేయుటకు షెడ్డు ఎదుటి గోడపై సుద్దతో గీతలు గీచి, కారును సమతలముపై నిలిపి, కుడి దీపపు వెలుతురు అంచుకు ఎడమ దీపపు అంచును సరిపుచ్చినారు. ఎదుటి వారి కంట పడకుండ రెండింటిని కొంచెము క్రిందికి దించినారు. చాచా స్విచ్చి వద్దకు మిత్రులనే పంపి, తాము గోడ ప్రక్కన నిలబడినారు. కుడి రెప్ప లేచినది. ఒక క్షణము తరువాత ఎడమది లేచినది. ఆ క్షణము ఆలస్యము ఇప్పటికిని ఉన్నది. లోపలి పాత గ్రీజు తీసి క్రొత్తది పెట్టినచో అదియు పోవునని చాచా అన్నారు. శీతకాలపు సెలవులలో ఆ పని పెట్టుకొన్నాము.