కంటికి ఆనని పోగు

కొంతకాలం క్రితం మా విభాగంలోని సహాయకుడొకడు ఐదువేల రూపాయలు అప్పు కావాలని నా వద్దకు వచ్చాడు. పది రోజులుగా కొడుకుకు జ్వరం తగ్గలేదట. పక్క ఊరి స్వామి ఒకరు గచ్చు మీద పెట్టిన నిమ్మకాయను ముట్టుకోకుండానే తన వైపు దొర్లించి, "గాలి సోకింది, శాంతి చేయాలి" అని చెప్పారట. ఇటువంటివి నమ్మరాదని నేను చేసిన బోధ అంతా వృథా అయింది. "స్వామి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి సార్. నా కళ్ళతో నేను చూశాను" అన్నాడతడు. కళ్ళతో చూచినదానికి మాటలతో జవాబు చెప్పలేమని ఆనాడు గ్రహించాను. "డబ్బు తప్పక ఇస్తాను నాయనా, సాయంత్రం ఇద్దరూ ఒకసారి మా ఇంటికి రండి" అని పంపించాను.

ఇంద్రజాలం నాకు విద్యార్థి దశ నుండి అభిమాన విషయం. ఆ విద్యలో సన్నని దారానికి విశిష్ట స్థానం ఉన్నది. పూర్వం ఐంద్రజాలికులు తల వెంట్రుకను, పట్టు పోగును వాడేవారు. పట్టుగూటి నుండి వచ్చే పోగు నిజానికి జిగురుతో అతికిన రెండు పోగుల జంట. సబ్బునీటిలో ఉడికిస్తే జిగురు కరిగి, సుమారు 10 మైక్రాన్ల పోగులు విడివడతాయి. తల వెంట్రుక మందం 50 నుండి 100 మైక్రాన్లు. 1940లో నైలాన్ మేజోళ్ళు అమెరికా మార్కెట్లోకి వచ్చిన పిమ్మట, ఆ నూలు నుండి విడదీసిన పోగు గారడీవారికి కూడా అక్కరకు వచ్చింది.

దీనిని తయారుచేసే విధానం ఇది. అనేక సన్నని పోగులతో కూడిన నైలాన్ దారాన్ని మూరెడు కత్తిరించాలి. పగటి వెలుతురు పక్క నుండి పడేటట్లు కిటికీ వద్ద కూర్చుని, నల్లగుడ్డ పరచుకోవాలి. కొనను వేళ్ళతో విప్పి పురి సడలించాలి. సూదిమొనతో ఒక్క పోగును వేరుచేసి, దాని కొనకు చిన్న టేపు ముక్క అంటించాలి. మిగిలిన పోగులను వదులుగా పట్టుకుని, దానిని మెల్లగా లాగాలి. తొందరపడితే తెగుతుంది. మెరుపు పోవడానికి నల్ల మార్కర్ పెన్ను మొనను దాని వెంట ఒక్కసారి నడిపి ఆరనివ్వాలి. రెండు కొనలకూ ఆవగింజంత తేనెమైనం అద్ది, అట్టముక్కకు చుట్టి భద్రపరచాలి.

ఇక బలం సంగతి. 3 డెనియర్ నైలాన్ పోగు మందం సుమారు 20 మైక్రాన్లు. అది ఓర్చగల బరువు ఇంచుమించు 15 గ్రాములు. హఠాత్తుగా వదిలిన బరువు దారంపై రెట్టింపు ఒత్తిడి కలిగిస్తుంది గనుక, మన క్రేన్ల తాళ్ళకు వలెనే దీనికీ భద్రతా గుణకం పాటించి, మూడు నాలుగు గ్రాములకు మించి వేలాడదీయరాదు. నోటును ఎగురవేయడానికి అది చాలు. నలభై గ్రాముల నిమ్మకాయను ఎత్తడం దాని వల్ల కాదు. అయితే నున్నని గచ్చుపై దొర్లించడానికి కొద్ది గ్రాముల లాగుడే సరిపోతుంది.

అంత సన్నగా ఉన్నందుకే అది కనబడదని భావించరాదు. ప్రకాశవంతమైన నేపథ్యం ముందు ఒంటరి నల్లగీత అర సెకను కోణమంత సన్ననిదైనా కంటికి ఆనుతుందని 1939లో హెక్ట్, మింట్జ్ అను శాస్త్రజ్ఞులు నిరూపించారు. డిగ్రీలో 3600వ వంతు ఒక సెకను. మన పోగు మూడు మీటర్ల దూరాన దాదాపు సెకనున్నర కోణం చేస్తుంది. అనగా తెల్లని ఆకాశం ముందు అది కనబడగలదు. దానిని దాచేది మసక వెలుతురు, రంగురంగుల నేపథ్యం, అన్నిటికన్నా మిన్నగా చూపరుల ధ్యాస మరొకచోట ఉండడం.

సాయంత్రం దంపతులు వచ్చారు. మసక దీపం కింద నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కొద్దిగా వెనుకకు వాలాను. నిమ్మకాయ నా వైపు దొర్లింది. ఆమె చేతులు జోడించబోయింది. వారించి, దీపం ఆర్పి, టార్చిలైటు నేలబారున పక్క నుండి వేశాను. నా చొక్కా గుండీ నుండి నిమ్మకాయ వరకు వెండిగీత ఒకటి తళుక్కుమన్నది. అతడు దానిని గోటితో మీటి చూచాడు. "మరి నేనూ చేయవచ్చునా సార్?" అని అడిగి, తానే మూడుసార్లు నిమ్మకాయను నడిపించాడు. మూడవసారి నవ్వాడు. పిదప చాలాసేపు మాట్లాడలేదు.

మరునాడు బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. టైఫాయిడ్ అని తేలింది. నేనిచ్చిన డబ్బు మందులకు ఖర్చయింది. మూడు వారాలకు పిల్లవాడు బడికి వెళ్ళాడు.

ఐంద్రజాలికుడు తాను మాయ చేస్తున్నానని ముందే చెప్పి మనలను ఆనందింపజేస్తాడు. అదే పోగును మహిమ అని చెప్పి డబ్బు అడిగేవాడు మోసగాడు. పోగు ఒక్కటే, నీతి వేరు. మన పిల్లలకు సెలవులలో ఈ పోగు తీయడం నేర్పండి. వారి వేళ్ళకు ఓర్పు అలవడుతుంది. ఆట ముగిసిన వెంటనే దారాన్ని చుట్టి తీసివేయడం కూడా నేర్పండి. కంటికి ఆననిది కంటిలోనే గుచ్చుకోవచ్చు. అద్భుతం ఎదురైనప్పుడు దీపాన్ని పక్కకు జరిపి చూడాలన్న బుద్ధి ఒకసారి అలవడిందంటే, అది వారిని జీవితాంతం కాపాడుతుంది.